మచిలీబందరులో రెండు కంపెనీలు
విదేశ వ్యాపార పోటీని గూర్చి ఒక తెలుగు రేవు నేర్పిన పాఠము

జనగామ జిల్లాలోని బచ్చన్నపేట పరిసరములలో వానకాలపు పంటలలో ప్రత్తి ముఖ్యమైనది. తొలకరి పడగానే గింజ నాటుదురు. దీపావళి నాటికి ఏరుట మొదలగును. రైతు తన ప్రత్తిని మార్కెటుకు చేర్చు సమయమునకు దాని ధర అతని చేతిలో ఉండదు. కొనవచ్చిన జనగామ వ్యాపారి చేతిలో కూడ పూర్తిగా ఉండదు. అమెరికాలో పంట ఎట్లున్నది, చైనా మిల్లులు ఎంత కొనుచున్నవి, న్యూయార్కు వాయిదా బజారులో ఏ ధర పలుకుచున్నది అను విషయములు ఆ ధరను చాలవరకు నిర్ణయించును. చెలకలో నిలిచి ప్రత్తి ఏరు కూలీకిని, వేల మైళ్ళ దూరమున బల్ల ముందు కూర్చున్న వ్యాపారికిని ఈ విధముగా ఒక సంబంధము ఏర్పడియున్నది.

ఈ సంబంధము నిన్న మొన్న పుట్టినది కాదు. నాలుగు వందల ఏండ్ల క్రిందట బచ్చన్నపేట సీమ గోలకొండ రాజ్యములోనిది. ఆ రాజ్యమునకు పెద్ద రేవు మచిలీబందరు. అచ్చటికి పదిహేడవ శతాబ్ది ఆరంభమున ఐరోపా నుండి రెండు కంపెనీలు ఒకదాని వెనుక ఒకటి వచ్చినవి. రెండింటికి కావలసిన సరకు ఒకటే. రెండును ఒకే రాజు అనుమతిని కోరినవి, ఒకే సాలెవారి ఇండ్ల ముందు నిలిచినవి. ఒక దేశపు సంస్థ మరొక దేశములో ఎట్లు పాదము మోపును, ప్రత్యర్థిని ఎట్లు ఎదుర్కొనును, దూరముననున్న తన ఉద్యోగులను ఎట్లు అదుపులో ఉంచును అను ప్రశ్నలకు ఆ కథ చక్కని ఉదాహరణము. ఆ పోటీలో సాలెవాని గతి ఏమయ్యెనను మరొక ప్రశ్నకు కూడ అందు సమాధానము కలదు.

మిరియముల కొరకు వస్త్రము

ఐరోపావారు తూర్పు సముద్రములకు వచ్చినది మొదట సుగంధ ద్రవ్యముల కొరకు. మిరియములు సుమత్రా, జావా ద్వీపములలోను, లవంగములు, జాజికాయ మొలక్కా ద్వీపములలోను దొరకెడివి. కాని ఆ ద్వీపవాసులు ఐరోపా ఉన్ని బట్టలను కోరలేదు. ఉక్కపోతగా ఉండు దేశములో ఉన్నితో పని ఏమి? వారు తరతరములుగా ధరించుచున్నది తెలుగు, తమిళ తీరముల నుండియు, గుజరాతు నుండియు వచ్చు నూలు వస్త్రము. వెండి ఇచ్చిన పుచ్చుకొందురు గాని, వస్త్రము ఇచ్చిన సంతోషముగా పుచ్చుకొందురు.

ఈ సంగతి గ్రహించినవారు డచ్చివారు. ఐరోపా నుండి వెండి, బంగారములను తెచ్చి మచిలీబందరులో వస్త్రము కొనుట, ఆ వస్త్రమును ద్వీపములకు కొనిపోయి సుగంధ ద్రవ్యములుగా మార్చుట, వాటిని ఐరోపాలో అమ్ముట — ఇది వారి పద్ధతి. ఒకే సొమ్ముపై రెండు మారులు లాభము వచ్చును. హెండ్రిక్ బ్రౌవర్ అను డచ్చి అధికారి 1612లో కోరమండల తీరమును మొలక్కా ద్వీపములకు ఎడమ చేయి వంటిదని వర్ణించెను. ఆ చేయి లేనిచో అచ్చటి వ్యాపారము సాగదని అతని భావము.

తెలుగు వస్త్రమునకు ఇంత గిరాకి ఎందుకు? నేత ఒక కారణము, రంగు మరొక కారణము. కృష్ణా ముఖద్వారమునకు సమీపమున, నిజాంపట్నము వైపు తీరభూములలో చిరివేరు అను చిన్న మొక్క మంచి రంగునిచ్చు విధముగా పెరుగును. దాని వేరులో అలిజరిన్ అను ఎఱ్ఱని పదార్థము కలదు. ఊరకే వేరు రసములో ముంచిన బట్టకు రంగు నిలువదు. అద్దకమువారు మొదట బట్టను కరక్కాయ కషాయములోను, గేదెపాలలోను నానబెట్టుదురు. పిమ్మట ఎఱుపు కావలసిన చోట కలముతో పటిక నీరు వ్రాసి, చిరివేరుతో ఉడికింతురు. పటికలోని అల్యూమినియము ఒకవైపు నూలు పోగును, మరొకవైపు రంగును పట్టుకొని రెండింటిని విడిపోకుండ బంధించును. పటిక తగలని చోట రంగు నిలువక చలువలో పోవును. నలుపు కొరకు ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి వాడుదురు. ఎన్ని మారులు ఉతికినను వెలియని బట్టలు ఐరోపావారికి అప్పటివరకు తెలియవు. ఈ విద్యను వారు అర్థము చేసికొనుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

రెండు విధములైన పెట్టుబడి

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి పట్టా ఇచ్చెను. డచ్చి కంపెనీ 1602 మార్చిలో ఏర్పడెను. వయస్సులో ఇంగ్లీషు కంపెనీయే పెద్దది. బలములో మాత్రము చిన్నది. డచ్చి కంపెనీ మూలధనము సుమారు 64 లక్షల గిల్డర్లు. ఇంగ్లీషువారు తొలి ప్రయాణమునకు కూర్చిన ధనము సుమారు 68,000 పౌనులు. ఇది డచ్చివారి దానిలో ఎనిమిదవ వంతు మాత్రమే.

మొత్తము కంటె ముఖ్యమైన భేదము మరొకటి ఉన్నది. ఇంగ్లీషువారు మొదట ప్రతి ప్రయాణమునకు వేరువేరుగా చందాలు వసూలు చేసెడివారు. ఓడ తిరిగి రాగానే సరకు అమ్మి, అసలు, లాభము పంచుకొని, ఆ లెక్కను మూసివేసెడివారు. కాబట్టి ఒకే రేవులో ఒక ప్రయాణపు ఉద్యోగులు మరొక ప్రయాణపు ఉద్యోగులతో పోటీపడి ధర పెంచిన సందర్భములు కూడ కలవు. తన ఇంటివానితోనే వేలము పాడుకొనుట వంటిది ఇది.

డచ్చివారి పద్ధతి వేరు. వాటాదారు ఒకమారు ఇచ్చిన సొమ్మును కంపెనీ తిరిగి ఈయదు. సొమ్ము కావలసినవాడు తన వాటాను ఆంస్టర్‌డాంలో మరొకరికి అమ్ముకొనవచ్చును. ఈ ఏర్పాటువలన వ్యక్తులు మారినను పెట్టుబడి కదలదు. ఓడలు కొనవచ్చును, గిడ్డంగులు కట్టవచ్చును, ఈ ఏడు నష్టము వచ్చినను రాబోవు ఏటికై ఓర్చుకొనవచ్చును. ఇంగ్లీషువారు 1613 నుండి కొన్నేండ్లకు ఒక ఉమ్మడి పెట్టుబడిని ఏర్పరచుకొనిరి. శాశ్వతమైన మూలధనమును 1657లో గాని ఏర్పరచలేకపోయిరి. విదేశ వ్యాపారములో ధనము ఎంత ఉన్నదను ప్రశ్నతో పాటు, ఆ ధనము ఎంతకాలము వేచియుండగలదను ప్రశ్న కూడ ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

ప్రత్యర్థి ఉద్యోగులే దారి చూపిరి

డచ్చివారు 1605లో మచిలీబందరు చేరి, 1606లో గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా నుండి ఫర్మానా పొందిరి. దాని ప్రకారము వారు చెల్లింపవలసిన సుంకము నూటికి 4 వంతులు. మచిలీబందరులోను, ఐరోపావారు పెటపోలి అని పిలిచిన నిజాంపట్నములోను కోఠీలు ఏర్పడినవి. 1610లో దక్షిణమున పులికాటులో కూడ స్థానము సంపాదించి, 1613 నాటికి అచ్చట కోట కట్టిరి.

ఇంగ్లీషువారికి ఈ తీరము తెలియదు. ఏ ఊరిలో ఏ వస్త్రము నేయుదురు, ఏ ద్వీపములో ఏ రంగు అంచు చెల్లును, ఎవరికి ఎంత కానుక ఈయవలెను అను సంగతులు పుస్తకములలో దొరకునవి కావు. ఈ లోటును వారు తీర్చుకొన్న విధము నేటి కంపెనీలకు కూడ బాగుగా తెలిసినదే. పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథెయునిస్ అను ఇద్దరు డచ్చివారు పూర్వము డచ్చి కంపెనీ కొలువులో ఇదే తీరమున పనిచేసినవారు. ఇంగ్లీషు కంపెనీ వారిని తన కొలువులోనికి తీసికొనెను. 1611లో ఆంథొనీ హిప్పన్ నాయకత్వమున ‘గ్లోబ్’ అను ఓడలో వారు బయలుదేరిరి.

ఓడ ఆగస్టులో పులికాటు చేరినది. అచ్చటి డచ్చి అధికారి చంద్రగిరి రాజు ఇచ్చిన కౌలును చూపి, ఇతరులకు ఇచ్చట వర్తకము లేదనెను. ఇంగ్లీషువారు వాదించి ప్రయోజనము లేదని గ్రహించి ఉత్తరముగా సాగి, నిజాంపట్నములోను, మచిలీబందరులోను దిగిరి. అచ్చట వస్త్రము కొని, సయాము దేశము వైపునకు పోయి అమ్మిరి. నాయకుడు హిప్పన్ దారిలోనే మరణించెను. వ్యాపారము మాత్రము చక్కగా సాగెను. 1615లో ఓడ ఇంగ్లండు చేరినప్పుడు పెట్టుబడికి రెట్టింపునకు మించిన లాభము లెక్క తేలెను. ఫ్లోరిస్ ఆ తరువాత ఎక్కువ కాలము జీవించలేదు.

ఈ ప్రయాణములోనే మరొక సంఘటన జరిగినది. మచిలీబందరు అధికారి ఒకడు సరకు తీసికొని బాకీ చెల్లింపక జాగు చేయుచుండెను. 1614లో ఫ్లోరిస్ మనుష్యులు అతని కుమారుని పట్టుకొని ఓడ మీదికి కొనిపోయిరి. అప్పుడు గాని బాకీ వసూలు కాలేదు. దేశాంతరమున ఒప్పందము చెడినచో విచారించు న్యాయస్థానము లేదు. కాబట్టి బలమే న్యాయస్థానము అయినది. ఈ అలవాటు ముందు ముందు ఎంత దూరము పోయెనో చరిత్ర చూపినది.

కోఠీ లోపలి పని

ఆనాడు ‘ఫ్యాక్టరీ’ అనగా యంత్రములున్న కర్మాగారము కాదు. ఫ్యాక్టరు అను వర్తక ఉద్యోగి నివసించు ఇల్లు, గిడ్డంగి. దీనినే కోఠీ అనిరి. మచిలీబందరు కోఠీ నుండి ఐరోపాకు ఉత్తరము వ్రాసినచో, జవాబు వచ్చుటకు ఏడాదిన్నర, రెండేండ్లు పట్టును. ఇంత దూరమునుండి యజమానులు ఉద్యోగిని ఎట్లు నమ్మవలెను?

డచ్చివారు అంతస్తులుగా పరిపాలన కట్టిరి. హాలెండులో పదునేడుగురు డైరెక్టర్లు, 1619లో నెలకొల్పిన బతావియాలో గవర్నరు జనరలు, పులికాటులో తీరమునకంతటికి గవర్నరు, ఆయన క్రింద ఒక్కొక్క రేవునకు అధికారి. ప్రతి కోఠీ లెక్కలు వ్రాసి పైకి పంపవలెను. ఏ ద్వీపములో ఏ వస్త్రము నిలువ ఉన్నదో, ఏది చెల్లిపోయినదో బతావియాకు తెలియును. రాబోవు ఏటికి ఎన్ని బేళ్ళు, ఏ కొలత, ఏ రంగు కావలెనో అచ్చటినుండి పట్టిక వచ్చును. ఇంగ్లీషువారు కూడ ఇట్లే గిరాకిని గమనించిరి. 1643లో లండను డైరెక్టర్లు సూరతు కోఠీకి వ్రాయుచు, అద్దకపు దుప్పట్లలో ఎఱ్ఱనేల తగ్గించి తెల్లనేల మీద రంగు పూవులు వేయింపుమని కోరిరి. కొనువాని అభిరుచిని కనుగొని చేయువానికి తెలుపుట వారికి వ్యాపారపు ప్రధాన రహస్యము.

సరకు కొనుట అంత తేలిక కాదు. సాలెవాడు పేదవాడు. నూలు కొనుటకు, మగ్గము ముందు కూర్చున్నంతకాలము తినుటకు అతనికి సొమ్ము కావలెను. ఓడ వచ్చిన తరువాత బజారుకు పోయి వేల బట్టలు కొనుట కుదరదు. కావున కొన్ని మాసములు ముందుగా బయానా ఈయవలసి ఉండెను. కంపెనీ ఉద్యోగికి ఊళ్ళు తెలియవు, భాష తెలియదు. కాబట్టి అతడు తెలుగు వర్తకునికి బయానా ఇచ్చును. వర్తకుడు దళారికి, దళారి ఊరి పెద్ద సాలెకు, అతడు మగ్గము వానికి ఇచ్చును. బట్ట ఇదే దారిలో తిరిగి వచ్చి, కోఠీలో కొలత, నేత, చలువ చూడబడి, మొదటి రకము, రెండవ రకమని విడదీయబడును. మచిలీబందరులో లోతైన ఓడరేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేయగా, పీచుత్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలపై బేళ్ళు చేర్చెడివారు. నైరుతి, ఈశాన్య ఋతుపవనములలో గాలి మారకముందు ఈ పని అంతయు పూర్తి కావలెను. ఒక్క నెల ఆలస్యమైనచో ఒక ఏడు పోయినట్లే.

ఉద్యోగుల జీతములు స్వల్పము. కాబట్టి తమ సొంత వర్తకము చేయవలెనను ఆశ వారిని విడువలేదు. డచ్చి కంపెనీ దీనిని గట్టిగా నిషేధించెను. చాటుగా అది సాగుచునే ఉండెను. ఇంగ్లీషు కంపెనీ కొంతకాలము నిషేధించి చూచి, తుదకు 1670 దశకములో ఆసియా రేవుల మధ్య వర్తకమును తన ఉద్యోగులకు వదలిపెట్టి, ఐరోపా వ్యాపారమును మాత్రము తనకు ఉంచుకొనెను. దీనివలన ఉద్యోగులు సొంత లాభము కొరకు క్రొత్త రేవులను వెదకిరి; ఆ దారుల వెంట కంపెనీ పలుకుబడి కూడ వ్యాపించెను. నిషేధము చేయలేని పనిని ఒక పరిమితి లోపల అనుమతి చేసినది.

రాజు చేతిలోని త్రాసు

గోలకొండ ప్రభువులు ఈ పోటీని ఊరకే చూచుచుండలేదు. ఒక్క కంపెనీయే ఉన్నచో అది ధర నిర్ణయించును. ఇద్దరు ముగ్గురు ఉన్నచో రాజ్యమునకు లాభమని వారికి తెలియును. కాబట్టి డచ్చివారు ఎంత కోరినను ఇతరులను వెళ్ళగొట్టలేదు. డచ్చి, ఇంగ్లీషు వారి తరువాత డేనులు వచ్చిరి. 1669లో ఫ్రెంచివారు కూడ మచిలీబందరులో ఫర్మానా పొందిరి.

స్థానికాధికారుల ఒత్తిడి భరింపలేక ఇంగ్లీషువారు 1628లో మచిలీబందరును విడిచి ఆర్మగాము, అనగా దుగరాజపట్నము చేరిరి. అచ్చట బట్ట తగినంత దొరకలేదు. మరల గోలకొండతో సంధానము చేసికొని, 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా నుండి ‘బంగారు ఫర్మానా’ పొందిరి. ఏటికి 500 వరహాలు చెల్లించి గోలకొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకము చేసికొనుటకు దాని వలన వీలు కలిగెను. అయినను ఒకే రాజ్యముపై ఆధారపడుట ప్రమాదమని వారు నేర్చుకొనిరి. 1639లో ఫ్రాన్సిస్ డే దామెర్ల వేంకటాద్రి నాయకుని నుండి మదరాసు స్థలమును సంపాదించెను. 1641లో ఇంగ్లీషువారి ముఖ్యస్థానము మచిలీబందరు నుండి అచ్చటికి మారెను.

పోటీ ఐరోపావారి మధ్యనే కాదు. పర్షియా నుండి వచ్చి మచిలీబందరు అధికారియై, పిదప గోలకొండ మంత్రియైన మీర్ జుమ్లాకు సొంత ఓడలు కలవు. అవి పర్షియా, బర్మా రేవుల వరకు తిరిగినవి. తెలుగు కోమట్లు, చెట్లు, పర్షియను వర్తకులు కంపెనీల కంటె ముందు నుండియే సముద్ర వర్తకము ఎరిగినవారు. వారి ఖర్చులు తక్కువ, బంధువులు ప్రతి రేవునందును కలరు. వారిని ధరలో ఓడింపలేని చోట డచ్చివారు ఓడలను, ఫిరంగులను ఉపయోగించిరి. తమ అనుమతి పత్రము లేని ఓడను పట్టుకొనిరి. లవంగముల ద్వీపములకు ఇతరుల దారి మూసివేసిరి. 1623లో ఆంబోయినా ద్వీపమున డచ్చివారు ఇంగ్లీషు ఉద్యోగులను కుట్ర ఆరోపణపై శిరచ్ఛేదము చేయగా, ఇంగ్లీషువారు క్రమముగా ఆ ద్వీపములను వదలి భారతదేశము మీదనే దృష్టి నిలిపిరి. ఓటమివలె కనబడిన ఆ మార్పే తరువాత వారికి కలిసివచ్చినది. ఐరోపాలో సుగంధ ద్రవ్యముల గిరాకి ఒక హద్దులో ఉండిపోయినది; నూలు వస్త్రముల గిరాకి ఎన్నో రెట్లు పెరిగినది.

వర్తకుల కంపెనీలు, లోపలి దేశపు కోఠీలు

బయానా తీసికొన్న వర్తకుడు దివాలా తీసినచో కంపెనీ సొమ్ము మునుగును. దీనికి విరుగుడుగా డచ్చివారు 1660 దశకమునాటికి తీరపు వర్తకులను వాటాలు వేసికొని ఉమ్మడి సంఘములుగా ఏర్పడునట్లు ప్రోత్సహించిరి. ఒకరి బాకీకి అందరు పూచీ. వర్తకులకు కూడ ఇందు లాభము కలదు: తమలో తాము పోటీపడి ధర చెడగొట్టుకొనరు. మదరాసులో ఇంగ్లీషు కంపెనీకి ప్రధాన వర్తకుడైన కాసి వీరన్న 1680లో మరణించెను. ఆ ఏడే ఇంగ్లీషువారు కూడ తమ వర్తకులను ఇట్టి ఉమ్మడి పెట్టుబడి క్రిందికి తెచ్చిరి. ఐరోపాలో పుట్టిన వాటాల పద్ధతి ఈ విధముగా తెలుగు వర్తకుల చేతికి వచ్చెను. కాని ఆ సంఘములకు సొంత ఓడలు గాని, విదేశ విపణి గాని లేవు. కొనువాడు ఒక కంపెనీయే అయినందున అవి స్వతంత్ర సంస్థలుగా ఎదుగలేకపోయినవి.

మధ్యవర్తులను తగ్గించుకొనుటకు మరొక మార్గము సరకు పుట్టు చోటికే పోవుట. డచ్చివారు గోదావరి సీమలో ద్రాక్షారామము, పాలకొల్లులలో కోఠీలు పెట్టిరి. గోలకొండ రాజధానిలో కూడ నిలిచిరి. 1669లో తీరమునకు దూరముగా నేటి ఖమ్మము జిల్లాలోని నాగులవంచలో ఒక కోఠీ తెరచిరి. నీలిమందు, వస్త్రములు అచ్చట కొనిరి. ఓరుగల్లు ప్రాంతపు ప్రజలకు ఇరుగుపొరుగైన పల్లెలోనికి ఆంస్టర్‌డాం వాటాదారుల పెట్టుబడి ఈ రీతిగా వచ్చి చేరెను. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన కల్లోలములలో ఆ కోఠీ మూతపడెను. గిడ్డంగులు ఎంత లోపలికి పోయిన, అంతగా ఆ నేల రాజకీయములకు అవి లోబడును.

సాలెవాని బలము, బలహీనత

ఈ పోటీలో సాలెవానికి ఏమి మిగిలెను? కొంతకాలము మంచి లాభమే. ఒకే ఊరికి డచ్చి దళారి, ఇంగ్లీషు దళారి, స్వదేశ వర్తకుని మనిషి వచ్చుచుండిరి. ఒకడు తక్కువ ధర చెప్పినచో, సాలెవాడు తీసికొన్న బయానాను తిరిగి ఇచ్చి వేరొకనికి నేయవచ్చును. ఒత్తిడి ఎక్కువైనచో మగ్గము విప్పుకొని మరొక ఊరికి పోవచ్చును. కొనువారు పలువురు ఉండుటయే అతని బలము. ఏ చట్టమును అతనికి ఇంతటి రక్షణ నీయలేదు.

ఇంతలో దూరదేశమున మరొక మార్పు కలిగెను. భారత వస్త్రముల ధాటికి ఐరోపా నేతగాండ్రు తాళలేకపోయిరి. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించి, 1759 వరకు ఆ నిషేధము నిలిపినది. ఇంగ్లండు 1700లో చట్టముచేసి రంగు అద్దిన భారత వస్త్రములను అచ్చట ధరింపరాదనెను. 1721లో ఆ చట్టమును మరింత బిగించెను. కంపెనీలు ఆ వస్త్రములను ఆఫ్రికాకు, ఇతర దేశములకు మరల్చినవి. ఆఫ్రికా తీరమున బానిసలను కొనుటకు చెల్లించిన సరకులలో తెలుగు తీరపు వస్త్రము కూడ ఉండుట ఈ వ్యాపారపు చీకటి భాగము. తెల్లబట్టను మాత్రము ఇంగ్లండు తెప్పించుకొని, తన దేశములోనే అద్దకము నేర్చుకొనెను. రక్షణ గోడ చాటున అచ్చటి పరిశ్రమ పెరిగి, పిదప యంత్రములను కనిపెట్టినది.

తెలుగు దేశమున నిర్ణాయకమైన మలుపు 1759లో వచ్చినది. ఆ ఏడు కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుండి మచిలీబందరును పట్టుకొనెను. 1765, 1766 సంవత్సరముల ఏర్పాట్లతో ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. అప్పటివరకు రాజు అనుమతిని యాచించిన వర్తకుడే రాజయ్యెను. కంపెనీ గుమాస్తాలు సాలెవారి పేర్లు వ్రాసికొని, బయానా కట్టబెట్టి, ఇతరులకు అమ్మరాదని కట్టడి చేసిరి. పద్దెనిమిదవ శతాబ్ది చివరి దశకములలో గోదావరి, విశాఖపట్టణ ప్రాంతముల సాలెవారు పలుమారులు మగ్గములు ఆపి నిరసన తెలిపిరి. కాని బయానా తిరిగి ఇచ్చి పోవుటకు ఇప్పుడు రెండవ గడప లేదు. బేరమాడు హక్కు పోయిన తరువాత నేర్పు మిగిలినను ధర మిగులలేదు.

గెలిచిన కంపెనీ కూడ శాశ్వతముగా నిలువలేదు. డచ్చి కంపెనీ అప్పులలో మునిగి 1799తో అంతరించెను. తీరమున మిగిలిన డచ్చి స్థానములు 1825లో ఇంగ్లీషువారికి దక్కినవి. ఇంగ్లీషు కంపెనీకి భారత వ్యాపారముపై గల గుత్తాధికారము 1813లో పోయెను. 1833 చట్టముతో దాని వర్తకమే ముగిసెను. లాంకషైరు యంత్రముల బట్ట తెలుగు బజారులలోనికి దిగినది. 1868లో జర్మను రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారు చేయగా, చిరివేరు త్రవ్వువారి జీవనము కూడ పోయెను. నరసాపురము దగ్గర మాధవాయపాలెము పేరు ‘మాడపోలం’ అను తెల్లబట్ట పేరుగా ప్రపంచ బజారులలో నిలిచినది. ఆ పేరుతో అమ్మబడిన బట్టలో చాలవరకు మాత్రము ఇంగ్లండు మిల్లులలో నేసినదే.

బచ్చన్నపేట చెలకలో ఆ పాఠము

విదేశ వ్యాపారములో పోటీ పడుటకు కావలసిన సాధనములు ఆ మచిలీబందరు కథలో అన్నియు కనబడుచున్నవి: ఓపిక గల పెట్టుబడి, దూరపు గిరాకిని తెలిపు సమాచారము, స్థానిక విషయములెరిగిన ఉద్యోగులు, ప్రభుత్వపు అనుమతి, నష్టమును పంచుకొను ఒప్పందము. నేటి కంపెనీలకు ఉత్తరము బదులు తంతి లేని వార్త క్షణములో చేరుచున్నది. సాధనములు మాత్రము అవే.

ప్రత్తి రైతునకు ఈ సంగతి విత్తనపు సంచిలోనే ఎదురైనది. శనగపచ్చ పురుగును తట్టుకొను బీటీ ప్రత్తికి భారత ప్రభుత్వము 2002లో అనుమతి ఇచ్చెను. ఆ జన్యు పరిజ్ఞానము మోన్‌శాంటో అను అమెరికా కంపెనీది. దానిని వాడు ప్రతి విత్తన సంస్థ ఆ కంపెనీ భాగస్వామ్య సంస్థకు రుసుము చెల్లింపవలసి ఉండెను. 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైగా అమ్ముడుపోయెను. రైతు ఎన్ని దుకాణములు తిరిగినను రుసుము పుచ్చుకొనునది ఒక్కరే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తాధిపత్య నియంత్రణ సంఘమును ఆశ్రయించి వాదించెను. ఆ ఏడే పొట్లము ధర 750 రూపాయలకు దిగినది. గోలకొండ సుల్తాను చేతిలోని త్రాసు వంటిది మరల ఒక ప్రభుత్వపు చేతిలో కనబడెను.

కంపెనీల పోటీని గూర్చి చదువు విద్యార్థి ఎవరు గెలిచిరని మాత్రమే అడిగినచో సగము కథయే తెలియును. గెలిచిన తరువాత నేయువానికి, పండించువానికి ఎన్ని గడపలు మిగిలినవని కూడ అడుగవలెను. మచిలీబందరు సాలెవాని చేతిలో బయానా తిరిగి ఇచ్చు స్వేచ్ఛ ఉన్నంతకాలము, ఆంస్టర్‌డాం గాని లండను గాని అతని శ్రమకు ధర ఒంటరిగా నిర్ణయింపలేకపోయినవి.